ఫైబర్ ట్యాంకు కారుతోందా? అతుకు వేసేముందు

మిద్దె మీద ఏ ట్యాంకున్నా మనవాళ్లు సింటెక్స్ అనే అంటారు. అందుకే అది ఫైబరో, ప్లాస్టిక్కో ముందు తేల్చుకోండి. పగిలిన అంచులో వెంట్రుకల్లాంటి గాజు పోగులు కనిపిస్తే ఫైబర్. ప్లాస్టిక్ ట్యాంకుకు రెసిన్ (గాజు పోగులను అతికించే పాలిస్టర్ జిగురు) పట్టదు, ఎంత పూసినా పొలుసులా లేచొస్తుంది. కింద రాసిందంతా ఫైబర్‌కే.

అడుగు మూలలో కారుతోంది, అతికించినా మళ్లీ అక్కడే పగులుతోంది

తప్పు చాలాసార్లు ట్యాంకుది కాదు, అది కూర్చున్న చోటుది. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. అడుగు సమంగా ఆనకపోతే ఆ బరువు ఒక మూల మీదే పడుతుంది. రేణిగుంట రోడ్డు వైపు ఒక హాస్టల్లో ఒకే మూలను నేను రెండుసార్లు అతికించాను. మూడోసారి పిలిచేసరికి సిగ్గేసి, ట్యాంకు ఖాళీ చేయించి జరిపి చూశాను. కింద ఇటుక ముక్క! వాలు సరిచేద్దామని ఎవరో పెట్టినట్టున్నారు. దాన్ని తీసి, దిమ్మెను సిమెంటుతో సమం చేశాక అతుకు నిలిచింది. ఇనుప స్టాండైతే ట్యాంకును నేరుగా కమ్ముల మీద పెట్టకుండా, అడుగంతా ఆనేలా గట్టి పలక వేయండి.

పైపు బిగించిన చోట చెమ్మ

పైపు బరువు ట్యాంకు గోడ మీద వేలాడుతోంది. ముందు పైపును క్లాంపులతో గోడకు బిగించి, వాషరు మార్చండి. అప్పటికీ చుట్టూ చీలికలు కనిపిస్తుంటేనే అతుకు.

వేసిన అతుకు పొరలా ఊడిపోయింది

తడి మీదో, పాచి మీదో, నున్నటి గోడ మీదో వేసి ఉంటారు. కారుతున్న ట్యాంకుకు అతుకు నిలవదు. ఖాళీ చేసి బాగా ఆరబెట్టండి. కార్తీకం వానల్లో ఈ పని పెట్టుకోవద్దు. అప్పటికి ఎం-సీల్‌తో నెట్టుకొచ్చి, ఎండ కాశాక చేయండి.

చీలిక చుట్టూ కనీసం మూడంగుళాలు, 40 నంబరు సాండ్ పేపర్‌తో నిగనిగ పూర్తిగా పోయేదాకా రుద్దండి. చీలిక దగ్గర లోతుగా, అంచులకు పోనుపోను పలచగా రావాలి. మాస్కు, పొడుగు చేతుల చొక్కా తప్పదు, గాజు పొడి దురద మామూలుగా ఉండదు. తర్వాత అసిటోన్‌తో తుడవండి.

గాజు పోగుల మ్యాట్‌ను (చదరపు మీటరు 450 గ్రాములు తూగేది) ఒకదానికన్నా ఒకటి పెద్దదిగా మూడు ముక్కలు కత్తిరించండి. మ్యాట్ బరువుకు రెండు, రెండున్నర రెట్ల రెసిన్ పడుతుంది. కిలో రెసిన్‌కు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ 10 నుంచి 20 గ్రాములు. మే నెల కత్తిరి ఎండల్లో 10 చాలు, అదీ పొద్దెక్కకముందే. మధ్యాహ్నం కలిపితే మగ్గులోనే వేడెక్కి రాయైపోతుంది. కోబాల్టు (రెసిన్ త్వరగా గట్టిపడేలా చేసే ద్రవం) విడిగా ఇస్తే ముందు దాన్ని రెసిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ పోయండి. ఆ రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలొచ్చు కూడా.

ముక్కలను రెసిన్‌తో తడుపుతూ చీలిక మీద ఒకదానిపై ఒకటి వేయండి. రెసిన్ తాగిన మ్యాట్ తెలుపు పోయి అద్దంలా కనిపిస్తుంది. తెల్లటి మచ్చ మిగిలిందంటే లోపల గాలి ఉన్నట్టే, రోలర్‌తో నొక్కి బయటికి తోయండి. ట్యాంకు లోపలికి దిగి చేయాల్సొస్తే ఫ్యాను పెట్టి, బయట ఒక మనిషిని నిలబెట్టండి. రెసిన్ ఆవిరికి తల తిరుగుతుంది.

రెండ్రోజులైనా జిగట పోలేదు

గోటితో నొక్కండి. కింద గట్టిగా ఉండి పైపైనే జిగటైతే భయం లేదు. గాలి తగిలే పొర అలాగే ఉంటుంది, అసిటోన్‌తో తుడిచి, మైనం కలిపిన టాప్‌కోటు (రెసిన్ పై పూత) వేయండి. కిందా మెత్తగానే ఉంటే హార్డెనర్ తగ్గినట్టు. పైన ఇంకాస్త పూసి లాభం లేదు, మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

బయట గోడ తెల్లబారి, పోగులు చేతికి గుచ్చుకుంటున్నాయి

ఎండ దెబ్బ. రుద్ది, జెల్‌కోటు (రంగు కలిపిన రెసిన్ పూత) గానీ పీయూ (పాలీయురేథేన్) పెయింటు గానీ వేయండి. లోపల నీళ్లు పాచి పడుతుంటే వెలుతురు దూరుతోందని అర్థం. దానికీ ఇదే మందు, రెండు కోట్లు పడాలి.

అతుకు తర్వాత నీళ్లకు వాసన

అది రెసిన్‌లో ఉండే స్టైరీన్ అనే రసాయనం వాసన. తాగునీటి ట్యాంకుకు ఫుడ్ గ్రేడ్ రెసిన్ అడిగి కొనండి. వారం ఆరనిచ్చి, రెండు మూడుసార్లు నింపి పారబోయండి. వాసన ఉన్నంతకాలం తాగొద్దు.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వాళ్లు కాస్టిక్ సోడా పోసే ట్యాంకులకూ ఈ రెసినే చాలా అని అడుగుతుంటారు. చాలదు, మామూలు పాలిస్టర్‌ను కాస్టిక్ తినేస్తుంది. వాటికి వినైల్ ఎస్టర్ అనే వేరే రెసిన్ వాడాలి. నింపగానే గోడ ఉబ్బుతూ, వేలితో తట్టితే బొదబొదమనే ట్యాంకును మాత్రం నేను ముట్టుకోను, ఎంత కూలిచ్చినా.