పాత మోటారు పడవలో ఇంధన లోపాన్ని కనిపెట్టే పద్ధతి

పెట్రోలులో ఆయిలు కలిపి నడిపే పాత టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజిను (పడవ వెనక బయట తగిలించేది) మొరాయించగానే చాలామంది మొదట కార్బురేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపే భాగం) విప్పుతారు. అది తొందరపాటు అని నా అభిప్రాయం. పాత పడవల్లో లోపం తరచుగా అంతకుముందే, టాంకుకూ ఇంజినుకూ మధ్య, నీరు చేరడం వల్లనో గాలి చొరబడడం వల్లనో ఉంటుంది. అందుచేత పరీక్షను టాంకు దగ్గర మొదలుపెట్టి ఇంజిను వైపు రావాలి.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి పడవ అడుగున పేరుకుంటుంది. ముందుగా పడవ అరల మూతలన్నీ తెరిచి గాలి ఆడనివ్వండి, బ్యాటరీ తీగలు తప్పించండి, దగ్గరలో నిప్పు లేకుండా చూసుకోండి. విడిగా మోసుకెళ్ళే టాంకును పడవలో కాకుండా గట్టుమీద నేలపై పెట్టి నింపాలి.

లోపం నిజంగా ఇంధనానిదేనా అన్నది స్పార్క్ ప్లగ్ చాలావరకు చెబుతుంది. కొన్నిసార్లు తాడు లాగిన తరువాత ప్లగ్ విప్పితే పొడిగా ఉందంటే పెట్రోలు అందడం లేదన్నమాట. తడిసి ఉంటే నిప్పురవ్వ రావడం లేదేమో, లేక చోక్ ఎక్కువై పెట్రోలు ముంచెత్తిందేమో చూడాలి.

ఆ తరువాత చేయవలసిన పరీక్షను నేను అన్నిటికన్నా ముఖ్యమైనదిగా భావిస్తాను. శుభ్రమైన చిన్న టాంకులో తాజా పెట్రోలు, మీ ఇంజిను మాన్యువల్ చెప్పిన పాళ్ళలో ఆయిలు (50:1 అయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు) కలిపి, వేరే మంచి పైపుతో ఇంజినుకు తగిలించి నడపండి. చల్లార్చే నీరు అందకుండా ఇంజిను నడిపితే నీటి పంపు రెక్కలు కాలిపోతాయి కనుక ఈ పని నీటిలోనే చేయాలి. ఇంజిను చక్కగా నడిస్తే లోపం పాత టాంకులోనో, దాని పైపులోనో ఉంది. అప్పటికీ తడబడితేనే ఇంజినుమీది పంపునూ కార్బురేటర్‌నూ అనుమానించాలి.

లోపం టాంకు వైపు అని తేలితే మొదట టాంకు మూతమీది గాలి మర చూడండి. అది మూసి ఉంటే టాంకులో శూన్యం ఏర్పడి, కొద్దిసేపు బాగా నడిచిన ఇంజిను ఆగిపోతుంది. నడుస్తుండగా చేతి పంపు బల్బు (పైపు మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి) తనంతట తానే లోపలికి అణిగి చదునైతే, ఆ మర గానీ టాంకులోని జల్లెడ గానీ పూడిందని అర్థం. బల్బు ఎంత నొక్కినా గట్టిపడకపోతే పైపులో గాలి చొరబడుతున్నదో, బల్బులోని కవాటాలు అరిగాయో, లేక కార్బురేటర్‌లో పెట్రోలు మట్టం నిండగానే దారి మూసే ఫ్లోట్ సూది మూసుకోక పెట్రోలు పొర్లుతున్నదో చూడాలి. మొదటిదాన్ని పట్టుకోవడానికి ఇంజినుమీది పంపు ముందు జానెడు పారదర్శకమైన పైపును తాత్కాలికంగా అమర్చండి. ఇంజిను నడుస్తున్నప్పుడు అందులో బుడగలు వరుసగా పోతుంటే దానికి వెనక, టాంకు వైపునున్న క్లిప్పులూ కనెక్టర్ల ఓ-రింగులూ (రబ్బరు వలయాలు) మార్చాలి.

నీటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటుంది. ఇథనాల్ తేమను కొంతవరకు తనలో కలుపుకుంటుంది గానీ, ఆ హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి టాంకు అడుగుకు దిగుతాయి. ఇంజినుకు పీల్చే గొట్టం ఉండేదీ ఆ అడుగునే. ఆయిలు పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది కనుక, ఆ అడుగు పొర ఇంజినులోకి వెళితే అది ఆగడమే కాదు, పిస్టన్ నూనె లేక గీసుకుపోయే ప్రమాదమూ ఉంది. అడుగునుంచి కొద్దిగా తీసి గాజు సీసాలో నిలవనిస్తే పొరలు స్పష్టంగా కనబడతాయి. అలా విడిపోయిన ఇంధనాన్ని ఏ మందూ తిరిగి కలపదు; దాన్ని పూర్తిగా డబ్బాలోకి తోడెయ్యాలి, నీటిలో మాత్రం పారబోయకూడదు. కాకినాడ వంటి తేమ ఎక్కువైన తీరంలో సగం ఖాళీగా నెలల తరబడి ఉంచిన టాంకును నమ్మకండి. నీరు వేరుచేసే ఫిల్టర్ ఒకటి అమర్చుకోవడం మంచిది.

వేరే టాంకుతో కూడా ఇంజిను తడబడి, బల్బు నొక్కుతుంటే మాత్రం పుంజుకుంటే, ఇంజినుమీది పంపులోని డయాఫ్రం (పెట్రోలును నెట్టే పల్చటి పొర) గట్టిపడిందో చిరిగిందో అయి ఉంటుంది. డయాఫ్రం కిట్ చవకే కనుక అనుమానం వచ్చినప్పుడే మార్చండి.

కార్బురేటర్ వంతు చివరిది. నిదానంగా తిరగలేక, వేగం పెంచితే మాత్రం నడిచే ఇంజినులో చిన్న జెట్ (పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రం) పూడి ఉంటుంది. అందుకు విరుద్ధంగా ఉంటే పెద్ద జెట్‌ను చూడాలి. జెట్లను క్లీనర్‌తో, గాలితో శుభ్రం చేయండి, తీగ దూర్చకండి. రంధ్రం ఇసుమంత పెరిగినా పాళ్ళు మారిపోతాయి.

పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు లోపల పొరలు ఊడి జెట్లను పూడుస్తాయి. పడవలకు చేసిన, ఇథనాల్‌కు తట్టుకునే పైపునే వేయండి. అన్నీ బిగించాక బల్బును గట్టిపడేదాకా నొక్కి, ప్రతి అతుకునూ వేలితో తడిమి తడి లేదని నిర్ధారించుకున్న తరువాతే బ్యాటరీ తీగలు తిరిగి తగిలించండి.