ఇంగ్లిష్‌లో అప్లికేషన్ పంపే ముందు

ఇంగ్లిష్‌లో కొన్ని మాటల్ని లెక్కపెట్టరు, అందుకే వాటికి మామూలుగా బహువచనం ఉండదు. సెండ్ నొక్కేలోపు ఇవి చూసుకోండి.

– ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఫర్నిచర్, లగేజ్, ఎక్విప్‌మెంట్: వీటి చివర 'ఎస్' తగిలించి ఉంటే కొట్టేయండి. ముందు 'యాన్' ఉన్నా అంతే. ఒక్క సలహా అనాలంటే 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్'.

– మనల్ని నిజంగా ముంచేవి పాలు, నీళ్లు. తెలుగులో పాలు పొంగాయి, నీళ్లు కాగాయి అంటాం, అంతా బహువచనమే. ఆ అలవాటుతో మిల్క్, వాటర్ పక్కన 'ఆర్' పడిపోతుంది. అక్కడ 'ఈజ్' ఉండాలి. (హోటల్లో 'టూ కాఫీస్' అనొచ్చు. అక్కడ లెక్క కప్పులది.)

– 'న్యూస్' చివర ఎస్ ఉన్నా ఏకవచనమే.

– రెజ్యూమెలో ఉద్యోగానుభవానికి 'ఎక్స్‌పీరియన్స్' చాలు. ఎస్ చేరిస్తే మీకు ఎదురైన సంఘటనలని అర్థం.

– లెక్కపెట్టగలిగితే 'మెనీ', లేదంటే 'మచ్'.