సుకన్య ఖాతాకు సంతకం పెట్టే ముందు

ముందు పాప వయసు చూసుకోండి. పదేళ్లు నిండితే సుకన్య సమృద్ధి ఖాతా (ఆడపిల్లల కోసం ప్రభుత్వం నడిపే పొదుపు పథకం) తెరవడం కుదరదు. అబ్బాయికైతే పీపీఎఫ్ (ఎవరైనా తెరవగల ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా).

జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మా పాపకు ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఇంకోదాంట్లో పొడి అక్షరమే. గుంటూరు మే ఎండలో చంటిదాన్ని ఎత్తుకుని రెండుసార్లు తిరిగాం. మీకా తిప్పలు వద్దు.

పన్ను కోసమే అనుకుంటే ఒక్క నిమిషం ఆగండి. కట్టిన సొమ్ముకు మినహాయింపు పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. వడ్డీకి, చివర్లో చేతికొచ్చే మొత్తానికి మాత్రం ఏ విధానంలోనైనా పన్ను లేదు.

డబ్బు ఎప్పుడు కావాలో కాగితం మీద రాసుకోండి. ఇది చాలా ముఖ్యం. ఖాతా తెరిచిన 21 ఏళ్లకు గడువు తీరుతుంది, కట్టేది 15 ఏళ్లే. పాప పదో తరగతి పాసయ్యాకో, 18 నిండాకో చదువు కోసం సగం దాకా తీసుకోవచ్చు, అదీ అడ్మిషన్ కాగితమో, ఫీజు కాగితమో చూపిస్తేనే. ఎనిమిదో తరగతి ఫీజుకు దీని మీద ఆశ పెట్టుకోకండి, దానికి వేరే దాచండి.

ఏడాదికి కనీసం 250 రూపాయలు, మించితే లక్షన్నర. నెలలో 5వ తేదీ లోపే కట్టండి, దాటితే ఆ సొమ్ముకు ఆ నెల వడ్డీ రాదు.