చక్కెర, బెల్లం వేయకుండా అరటిపండు బ్రెడ్డు చేయడం ఎలా?

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. బెల్లం వేసి "చక్కెర లేని బ్రెడ్డు" అనకండి. బెల్లమూ చెరకు రసం నుంచే వస్తుంది. దాని బదులు తాటిబెల్లం వేసినా, తేనె పోసినా లెక్క మారదు. ఒంగోలు వెళ్లినా నెల్లూరు వెళ్లినా ఎవరో ఒకరు అలాంటి ముక్క చేతిలో పెట్టి "హెల్దీ అండీ" అంటున్నారు, తిని తలూపాల్సి వస్తోంది. ఇక్కడ చెప్పే బ్రెడ్డులో తీపంతా పండుదే. పండులో చక్కెర ఉండదా అంటే ఉంటుంది, బాగా మాగితే ఇంకా ఎక్కువే. అందుకని ఇంట్లో షుగరు ఉన్న పెద్దవాళ్లుంటే వాళ్లకు ఒక పలచటి ముక్క పెట్టండి, అది కూడా భోజనంలో అన్నం తగ్గించి.

కావలసినవి: గోధుమపిండి ఒకటిన్నర కప్పు, రాగిపిండి అర కప్పు, అరటిపండు గుజ్జు తూచి 300 గ్రాములు, గుడ్లు 2, పుల్లటి పెరుగు పావు కప్పు, నూనె పావు కప్పు, వంటసోడా ముప్పావు టీస్పూను, బేకింగ్ పౌడర్ అర టీస్పూను, ఉప్పు అర టీస్పూను, కాస్త యాలకుల పొడి. గింజ తీసిన ఖర్జూరాలు ఓ ఎనిమిదింటిని ముక్కలు చేసి వేసుకోవచ్చు. పేస్టు మాత్రం చేయకండి, బ్రెడ్డంతా జిగటవుతుంది. నూనె అంటే శనక్కాయల నూనె. వెన్న వేస్తే బాగుంటుందని చాలామంది అంటారు, చల్లారాక తిని చూస్తే గట్టిపడి ఉంటుంది. రాగిపిండి బదులు సజ్జపిండి వాడాలనుకుంటే ఆ వారంలో పట్టించినదే వాడండి, నిలవ ఉన్నది చేదెక్కుతుంది.

పండు సంగతి కొంచెం చెప్పాలి. తొక్క నిండా నల్లమచ్చలు రావాలి, వేలితో నొక్కితే లోపలికి దిగాలి. కాయలో ఉన్న పిండిపదార్థం మాగేకొద్దీ చక్కెరగా మారుతుంది. పసుపుపచ్చగా నిగనిగలాడే పండు వేసి "తీపి చాల్లేదు" అంటే తప్పు పండుది కాదు. నా లెక్కలో కర్పూర చక్కెరకేళిని మించింది లేదు, తీపితోపాటు చిన్న పులుపు కూడా ఉంటుంది. పండ్లు చిన్నవి కాబట్టి ఎన్ని వేశామని కాదు, గుజ్జు ఎంత వచ్చిందని చూసుకోండి. మిక్సీలో వేయకుండా ఫోర్కుతో మెదపండి.

పెరుగు తియ్యగా ఉంటే నిమ్మచెక్క ఒకటి పిండండి. పొదలకూరు నిమ్మకాయలు దొరికే చోట ఉండి వెనిగర్ కొనుక్కోవడం ఏంటో నాకర్థం కాదు. సోడాకి పులుపు తగిలితేనే గ్యాసు బాగా పుట్టి బ్రెడ్డు పొంగుతుంది. మన సముద్రపు గాలికి బేకింగ్ పౌడర్ తొందరగా చెడిపోతుంది. అర చెంచా పొడి వేడినీళ్లలో వేస్తే బుస్సుమని నురగ రావాలి, రాకపోతే ఆ డబ్బా పారేయండి.

ఓవెన్ 175 డిగ్రీల దగ్గర పెట్టి వేడెక్కనివ్వండి. పొడగాటి బ్రెడ్డు టిన్నుకి నూనె రాసి అడుగున బటర్ పేపర్ వేయండి. ఒక గిన్నెలో పొడి సరుకులన్నీ జల్లించి ఖర్జూరం ముక్కలు కలపండి, ఇంకో గిన్నెలో తడివన్నీ గిలక్కొట్టండి. గిలక్కొట్టడం ఇక్కడితో సరి.

అసలు పని ఇప్పుడు. చాలామంది బ్రెడ్డు చెడిపోయేది ఓవెన్‌లో కాదు, ఈ రెండు గిన్నెలూ కలిపేటప్పుడే.

మన చేతులకు గారెల పిండి అలవాటు. మినప్పిండిని ఎంత గిలక్కొడితే గారెలు అంత గుల్లగా వస్తాయని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. అదే చేత్తో దీన్నీ గిలక్కొడతాం. కానీ మినుముల్లో గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ లేదు, గోధుమల్లో ఉంది. తడి తగిలాక తిప్పేకొద్దీ అది బలపడి సాగుతుంది. చపాతీకి కావలసింది అదే, పిండిని అంతలా మర్దించేది అందుకే. ఈ బ్రెడ్డులో సాగుడు పుడితే ముక్క రబ్బరు చెప్పులా తయారవుతుంది, కోసి చూస్తే లోపల పొడుగాటి సొరంగాలు కనిపిస్తాయి.

పైగా చక్కెర వేసిన కేకులో ఈ తప్పు కొంత కప్పబడిపోతుంది. చక్కెర నీళ్లను తనవైపు లాక్కుని గ్లూటెన్‌ని గట్టిగా కట్టుకోనివ్వదు. మనం ఆ చక్కెరే తీసేశాం. కాబట్టి మామూలు కేకు బాగా చేసేవాళ్లు కూడా ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి.

తడి మిశ్రమాన్ని పొడిపిండి మధ్యలో గుంట చేసి ఒకేసారి పోయండి. వెడల్పాటి గరిటెతో గిన్నె అడుగు నుంచి పైకి తీసి మెల్లగా బోర్లించండి, గిన్నెను కొంచెం తిప్పి మళ్లీ అదే చేయండి. గుండ్రంగా కలియబెట్టొద్దు. పన్నెండు పదిహేను సార్లకు పొడిపిండి చారలు పోతాయి. పోగానే గరిటె కింద పెట్టేయండి. ఉండలుండలుగా, ఇడ్లీ పిండి కన్నా గట్టిగా కనిపిస్తుంది. అలాగే ఉండనివ్వండి. ఆ ఉండల్ని చూసి "ఇంకొక్క తిప్పు" అనుకున్నారా, చెడింది. అన్నీ మిక్సీలో వేసి ఒక్కసారి తిప్పితే పనైపోతుందని వీడియోల్లో చెబుతుంటారు. నిజమే, బ్రెడ్డు పని కూడా అయిపోతుంది.

కలిపాక పిండి గట్టిగా ఉందని మజ్జిగ పోసి మళ్లీ కలపడం ఇంకో పొరపాటు. చక్కీలో పట్టించిన పిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది. మీ పిండి అలాంటిదని తెలిస్తే రెండు చెంచాల మజ్జిగ ముందే తడి గిన్నెలో పోసుకోండి. అట్లపిండిలాగా దీన్ని నాననివ్వడమూ కుదరదు. పులుపు తగిలిన నిమిషం నుంచే సోడా గ్యాసు వదులుతుంది, మీరు ఫోను మాట్లాడి వచ్చేలోపు సగం పోతుంది. అందుకే ఓవెన్ ముందే వేడెక్కాలన్నది.

వెంటనే టిన్నులోకి వంచి 50 నుంచి 60 నిమిషాలు కాల్చండి. చక్కెర వేయలేదు కాబట్టి పైన మామూలు కేకుకి వచ్చినంత ముదురు రంగు రాదు. రంగు కోసం ఎదురుచూస్తే లోపల ఎండిపోతుంది. 50 నిమిషాలకు పుల్ల గుచ్చి చూడండి, అరటి గుజ్జు అంటుకుని మోసం చేయొచ్చు, అందుకని రెండు చోట్ల గుచ్చండి. ఓవెన్ లేనివాళ్లు కుక్కర్‌లో రాళ్లుప్పు పోసి, గాస్కెట్, విజిల్ తీసి, సన్నమంట మీద చేసుకోవచ్చు. కుక్కర్‌లో పట్టే గుండ్రటి గిన్నె వాడాలి, అడుగు కొంచెం మాడుతుంది.

పది నిమిషాలాగి టిన్నులోంచి తీసి, పూర్తిగా చల్లారాకే కోయండి. మరుసటి రోజుకి రుచి ఇంకా తేలుతుంది. మన ఉక్కకు బయట రెండో రోజు దాటనివ్వకండి, మిగిలింది ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టండి. కావలసినప్పుడు తీసి అట్లపెనం మీద రెండు వైపులా కాల్చుకుంటే సరిపోతుంది, మైక్రోవేవ్ వద్దు.