ఇంట్లోవాళ్ల రోజువారీ ఫోటోలు తీయడం ఎలా? రీలు కెమెరాతో, డిజిటల్‌తో

పెళ్లికీ బారసాలకీ స్టూడియో వాళ్లు వస్తారు. వీధరుగు మీద గొంతుకూర్చుని చోడి అంబలి తాగే తాతయ్యని, పెరట్లో గుంటలకి తలంటుతున్న అమ్మని తీయడానికి ఎవరూ రారు. ఆ పని ఇంట్లోవాళ్లదే. శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత పెంకుటిళ్లలో దీనికో తిరకాసు ఉంది. బయట ఎండ కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది, గడప దాటితే చీకటి. ఈ రెండింటినీ ఒకే ఫోటోలో పట్టడం ఏ కెమెరాకైనా కష్టమే. ఇంట్లో ఏ మూల ఏ వేళకి వెలుగొస్తుందో తెలుసుకుని, మనిషి అక్కడికొచ్చేదాకా ఆగడమే ఇందులో సగం పని.

అటక మీది కెమెరా పనిచేస్తుందా?

పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం2 లాంటివి ఇంట్లో ఉంటే అదృష్టమే. వీటిలో బ్యాటరీ వెలుగు కొలిచే మీటరుకి మాత్రమే, షట్టర్ అది లేకపోయినా కొడుతుంది. కె1000కి ఒక ఎల్ఆర్44, ఎఫ్ఎం2కి రెండు. వాచీల షాపులో దొరుకుతాయి. ఇంకా పాత కెమెరాలు కొన్నింటికి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ ఉండేది, ఇప్పుడది రాదు. దాని చోట 1.5 వోల్టులది వేస్తే మీటరు తప్పు చూపించవచ్చు. ఫోనులో లైట్ మీటర్ యాప్‌తో పోల్చి, తేడా ఎంతో కాగితం మీద రాసిపెట్టుకోండి.

వెనక తలుపు తెరిచి గాడిలోని నల్ల స్పాంజి ముట్టుకోండి. వేలికి జీడిలా అంటుకుంటే అది చివికిపోయినట్టే. అక్కడి నుంచి వెలుతురు దూరి ఫోటోల మీద ఎర్రటి చారలు పడతాయి. చెవిపుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పాత స్పాంజి తుడిచేసి, గాడిలో నల్ల ఉన్ని దారం పరిచినా పని జరుగుతుంది. షట్టర్ తెరకి, అద్దానికి మాత్రం చేయి తగలనీయకండి. తర్వాత లెన్స్ వెనక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూటి పోగుల్లాంటివి కనిపిస్తే బూజు పట్టిందన్నమాట. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మామూలే. తోలు కవరులో పెట్టి బీరువాలో మరిచిపోతే ఇంకా తొందరగా పడుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, రంగు మారే సిలికా జెల్ వేసి దాచండి. బియ్యం డబ్బాలో మాత్రం వద్దు. తవుడు లెన్స్ సందుల్లోకి పోతుంది.

డిజిటల్‌కి ఖరీదైన బాడీ అక్కర్లేదు, లెన్స్ మీద ఖర్చు పెట్టండి. మామూలు డీఎస్ఎల్ఆర్ అయితే 35 మి.మీ. ఎఫ్ 1.8, ఫుల్ ఫ్రేమ్ (రీలు గడి అంత పెద్ద సెన్సార్ ఉన్నది) అయితే 50 మి.మీ. ఎఫ్ 1.8. ఎఫ్ అంకె లెన్స్ కన్ను ఎంత తెరుచుకుంటుందో చెబుతుంది, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. కెమెరాతో వచ్చిన 18-55 ఒక్కటే ఉంటే 35 దగ్గర ఉంచండి. 18 దగ్గర పెట్టి ముఖం మీదికి వెళ్తే ముక్కు బూరెలా వస్తుంది.

రీలు ఎక్కించడం

మొదటిసారి రీలు వేసినవాళ్లకి ఎక్కువగా జరిగే ప్రమాదం ఒక్కటే: ముప్పై ఆరూ తీశాక చూస్తే రీలు అసలు తిరగనే లేదు. అలా కాకుండా ఇలా చేయండి. నీడలో నిలబడి, రీలు నాలుకని కుడిపక్క చుట్టుకునే ఇరుసు గాడిలో గట్టిగా దూర్చండి. లీవరు ఒకసారి తిప్పి, పళ్ల చక్రం మీది పళ్లు రెండువైపులా కన్నాల్లో కూర్చున్నాయో లేదో చూశాకే తలుపు మూయండి. తర్వాత ఎడమవైపు రివైండ్ నాబ్‌ని బిగుసుకునేదాకా మెల్లగా తిప్పి వదలండి. ఇప్పుడు లీవరు లాగితే ఆ నాబ్ దానంతటదే వెనక్కి తిరగాలి. తిరగలేదంటే రీలు పట్టుకోలేదు, మళ్లీ మొదటికి రండి. రెండు ఖాళీ షాట్లు కొట్టి, ఐఎస్ఓ డయల్‌ని (వెలుగుని ఎంత తొందరగా పట్టుకుంటుందో చెప్పే అంకె) రీలు మీది అంకెకి తిప్పాక మొదలుపెట్టండి.

అయిపోయినప్పుడు లీవరు మొరాయిస్తుంది. బలవంతం చేస్తే రీలు తెగుతుంది. కెమెరా కింద ఉన్న చిన్న బొత్తాం నొక్కి, రివైండ్ చేసి, చేతికి బిగువు తగ్గాకే తలుపు తెరవాలి.

ఫ్రిజ్‌లోంచి తీసిన రీలుని డబ్బా విప్పకుండా గంటన్నర బయట ఉంచండి, లేకపోతే చెమ్మ పడుతుంది. మే నెలలో స్కూటర్ డిక్కీలో రీలు పెట్టారంటే రంగుల మీద ఆశ వదులుకోవచ్చు. సగం తీసిన రీలుని ఏడాది కెమెరాలోనే ఉంచేయడం ఇంకో పాడలవాటు. రెండు నెలల్లో ముగించి కడిగించండి.

ఇంట్లో వెలుగు ఎక్కడుంది?

మన వైపు మే నెలలో ఐదూ ఇరవైకల్లా పొద్దు పొడుస్తుంది, జనవరిలో ఆరున్నర దగ్గర. ఎండాకాలం ఏడు దాటితే వాకిట్లో ముఖాల కింద నల్లటి నీడలు పడిపోతాయి. అప్పుడు అరుగు మీదికి రండి. చూరు నీడలో కూర్చున్న మనిషికి ఎదురుగా ఉన్న వాకిలే పెద్ద అద్దంలా వెలుగు విసురుతుంది. ముఖానికి అంతకంటే మెత్తటి వెలుగు ఏ స్టూడియోలోనూ దొరకదు.

400 రీలుకి, డిజిటల్‌లో ఐఎస్ఓ 400కి ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు. మిట్ట ఎండలో ఎఫ్ 16, 1/500 (షట్టర్ తెరుచుకుని ఉండేది సెకనులో ఐదొందలో వంతు). చెట్టు నీడ, వాకిలి నీడ అయితే ఎఫ్ 8, 1/250. చూరు కింద అరుగు మీద ఎఫ్ 4, 1/125. లోపల కిటికీకి మూరెడు దూరంలో ఎఫ్ 2, 1/60. అంతకంటే లోపలికెళ్తే రీలుకి కాదు, డిజిటల్‌కి అప్పగించండి: ఐఎస్ఓ 3200, ఎఫ్ 2, 1/60. గింజ (ఫోటో మీద ఇసక చల్లినట్టు చుక్కలు) పడుతుందని భయపడకండి. గింజ పడిన ఫోటోని చూడొచ్చు, కదిలిపోయిన ఫోటోని చూడలేం.

ఎఫ్ 2 దగ్గర 50 మి.మీ. లెన్స్‌తో ఒకటిన్నర మీటర్ల దూరంలో పదునుగా వచ్చేది జానెడు కంటే తక్కువ, సుమారు 10 సెంటీమీటర్లు. అందుకే దగ్గరగా ఉన్న కంటి మీదే ఫోకస్ చేయాలి. పెరట్లో పరిగెత్తే గుంటల విషయం వేరు. వాళ్ల వెనక ఫోకస్ రింగు తిప్పుతూ పరిగెట్టడం వృథా. ఎఫ్ 8 పెట్టి, దూరం 3 మీటర్ల మీద ఉంచి వదిలేయండి. 2.3 నుంచి 4.2 మీటర్ల దాకా అంతా పదునే. షట్టర్ 1/250కి తగ్గకుండా చూసుకుని, వాళ్లు ఆ మేరలోకి రాగానే నొక్కండి.

రీలుకి ఓ దారి, డిజిటల్‌కి ఓ దారి

ఈ తేడా తెలియక చాలామంది రీళ్లు తగలేస్తారు. నెగెటివ్ రీలుకి వెలుగు ఒక స్టాపు (అంటే రెట్టింపు) ఎక్కువైనా తట్టుకుంటుంది, తక్కువైతే నీడలన్నీ మట్టిరంగు ముద్దగా వస్తాయి. డిజిటల్‌కి దీనికి తలకిందులు. నీడలో దాగింది తర్వాత కొంత పైకి తేవచ్చు గానీ తెల్లగా కాలిపోయిన చోట ఏమీ మిగలదు. కాబట్టి రీలు వేసినప్పుడు నీడవైపు ముఖాన్ని మీటరుకి చూపించండి. డిజిటల్‌లో తెల్లపంచె, ముగ్గుపిండి, స్టీలు బిందె మీది మెరుపు కాలిపోకుండా చూసుకోండి.

మీటరు ఎదురుగా ఉన్నదాన్నంతా నడిమి బూడిదరంగు అనుకుంటుంది. ఫ్రేము నిండా తెల్లపంచె ఉంటే వెలుగు ఎక్కువైందని తగ్గించేస్తుంది, తాతయ్య ముఖం బొగ్గయిపోతుంది. అలాంటప్పుడు +1, అంటే ఒక స్టాపు ఎక్కువ ఇవ్వండి. అనుమానంగా ఉంటే అదే వెలుగులో మీ అరచేతిని మీటరుకి చూపించి, వచ్చిన దానికంటే ఒక స్టాపు ఎక్కువివ్వండి. అరచేయి అందరిదీ ఇంచుమించు ఒకే తెలుపు గనక ఈ లెక్క తప్పదు.

వంటింట్లో గాజు పెంకు

పాత వంటిళ్లలో కప్పు మీద ఒక గాజు పెంకు ఉంటుంది. పొద్దెక్కాక దానిలోంచి పిడికెడు లావున ఎండ కింద పొయ్యి గచ్చు మీద పడుతుంది. కట్టెల పొయ్యి అయితే ఇంకేం కావాలి? మామ్మ ఊదుగొట్టం పెట్టి ఊదగానే లేచిన పొగ ఆ ఎండ స్తంభంలోకి వచ్చి తెల్లగా సుడి తిరుగుతుంది. పొగ కనబడాలంటే వెలుగు పక్క నుంచో ఎదుటి నుంచో రావాలి, దాని వెనక మసిగోడ ఉండాలి. వెలుగుకి వీపు పెట్టి తీస్తే పొగే కనబడదు. ఆటోలో పెడితే కెమెరా మసిగోడని చూసి షట్టర్ లాగేస్తుంది, ఎండ పడ్డ చోటంతా తెల్లకాగితం అవుతుంది. -1 నుంచి -1.5 దాకా తగ్గించి, చుట్టూ చీకటిని చీకటిగానే వదిలేయండి. అక్కడ వెలుగుతున్న ఎల్ఈడీ బల్బు ఆర్పేయండి. పగటి వెలుగూ బల్బు వెలుగూ కలిస్తే ముఖం ఓ పక్క నీలంగా, ఓ పక్క పసుపుగా వస్తుంది.

రాత్రి బల్బు కింద తప్పనప్పుడు ఇంకో చిక్కు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో కొన్ని బల్బులు సెకనుకి వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ 1/250లో తీస్తే ఫోటోకి అడ్డంగా నల్ల పట్టీలు పడతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి. ఫ్లాష్ కొట్టాలంటే తల తిప్పి సున్నం వేసిన పక్కగోడ మీదికి కొట్టండి. స్లాబు ఇంట్లో అయితే పైకప్పుకి కొట్టినా సరే. పెంకుటింట్లో పైన నల్లటి దూలాలు ఆ వెలుగుని మింగేస్తాయి.

మనుషులతో

కెమెరా తీయగానే వచ్చే మొదటి మాట, "ఏట్రా, ఇలాగున్నప్పుడు తీస్తావేటి? మంచి కోకైనా కట్టుకోనీ." కట్టుకోనివ్వండి. ఆ ఫోటో నిటారుగా నిలబెట్టి శ్రద్ధగా తీయండి. వాళ్లకి కావలసింది అదే. తర్వాత కెమెరా మెడలోనే ఉంచుకుని పక్కనే కూర్చోండి. పావుగంటకి చేతులు మళ్లీ గోంగూర ఆకు తుంపడంలో పడతాయి, కెమెరా సంగతి మరిచిపోతారు. కూర్చున్న మనిషిని కూర్చునే తీయాలి. నిలబడి కిందికి తీస్తే నడినెత్తి తప్ప ఏమీ రాదు. వద్దన్నవాళ్లని తీయకండి. చిన్నపిల్లలు నీళ్లోసుకునే ఫోటోలు ఇంటి ఆల్బమ్ దాటి వాట్సాప్ గ్రూపులకి పోకూడదు.

విజయనగరంలో దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మానుని ఊరేగించే పండగ. చుట్టాలంతా మేడల మీద చేరతారు. సిరిమానుని వేలమంది తీస్తారు, మీరు దానికి వీపు తిప్పండి. సిరిమాను ముందుకొచ్చిన క్షణాన దండం పెడుతున్న పెద్దత్త ముఖం మీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. భోగి మంట దగ్గరా అంతే, మంటని కాదు, మంట వెలుగు పడ్డ ముఖాలని చూడండి. ఐఎస్ఓ 1600, ఎఫ్ 2, 1/125 దగ్గర మొదలుపెట్టండి.

కడగడం, దాచడం

రంగు రీలుని ల్యాబుకే పంపండి. దానికి 38 డిగ్రీలు కచ్చితంగా నిలపాలి, ఇంట్లో కుదరడం కష్టం. నలుపు-తెలుపు మాత్రం ఇంట్లో కడుక్కోవచ్చు. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ రీలుని ఐడీ-11 డెవలపర్‌లో (బొమ్మని తేల్చే మందు) నీళ్లు కలపకుండా 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు రీలు ఉన్న, వెలుగు చొరని డబ్బాని తలకిందులు చేయాలి, ఆపై ప్రతి నిమిషం మొదట్లో నాలుగుసార్లు. తర్వాత డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్ పది సెకన్లు, ఒకటికి నాలుగు నీళ్లు కలిపిన ర్యాపిడ్ ఫిక్సర్ (బొమ్మని నిలిపే మందు) ఐదు నిమిషాలు.

మనకి ఇబ్బంది పెట్టేది ఉష్ణోగ్రత. వేసవిలో ట్యాంకు నీళ్లు 30 దాటుతాయి. బేసిన్‌లో ఐసు వేసి డెవలపర్, ఫిక్సర్, కడిగే నీళ్లు మూడింటినీ 20కి తెచ్చాకే మొదలుపెట్టండి. చల్లటి మందులోంచి వేడి నీళ్లలోకి వేస్తే రీలు పైపొర ముడతలు పడవచ్చు. డబ్బాలో నీళ్లు నింపి ఐదుసార్లు తిప్పి పారబోయండి, మళ్లీ నింపి పది, మళ్లీ నింపి ఇరవై. కడగడానికి ఈ మూడు నింపులూ చాలు. బోరు నీళ్లు ఉప్పు మరకలు వదులుతాయి గనక చివరి ముంచు డిస్టిల్డ్ వాటర్‌లో ఉండాలి. ఫ్యాను ఆపిన బాత్రూంలో ఆరేయండి.

డిజిటల్‌లో రా ఫైలు (జేపెగ్‌గా మార్చని అసలు ఫైలు) ఉంచుకోండి. రెండు హార్డ్‌డిస్కుల్లో కాపీ చేసి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న చుట్టాలింట్లో పెట్టండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున ఒకే బీరువాలో ఉన్న రెండు కాపీలూ ఒకేసారి తడుస్తాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుంచించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. 4×6 ప్రింటుకి 1800×1200 పిక్సెళ్లు ఉండాలి. ఏడాదికి యాభై ప్రింట్లైనా వేయించండి. జిగురు పేజీల ఆల్బమ్ వద్దు, కొన్నేళ్లకి ఆ జిగురు ఫోటోని పట్టేస్తుంది. మూలలు దూర్చే రకం కొని, ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని పేజీ మీద రాయండి.

గోడ మీది పాత ఫ్రేముల్లో ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటే లాగకండి, ముఖం అద్దానికే ఉండిపోతుంది. ఫ్రేముని నీడలో బల్ల మీద పడుకోబెట్టి, వెలుగు రెండు పక్కల నుంచి ఏటవాలుగా పడేలా చూసి, కెమెరాకి నల్లగుడ్డ కప్పి అద్దం మీంచే కాపీ తీసుకోండి.