ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కంప్రెస్ చేసిన డేటాను మళ్లీ టెక్స్ట్‌గా మార్చడం ఎలా?

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016లో కంప్రెస్, డీకంప్రెస్ ఫంక్షన్లు వచ్చాయి. మొదటిది డేటాను జీజిప్ పద్ధతిలో కుదిస్తుంది, రెండోది విప్పుతుంది. విప్పాక చేతికొచ్చేవి అక్షరాలు కావు, వార్‌బైనరీ(మ్యాక్స్) రకం, అంటే ముడి బైనరీ డేటా రకం, బైట్లు. వాటిని ఎలా చదవాలో మనమే చెప్పాలి. చిక్కులన్నీ దాదాపు అక్కడే.

ముందుగా కుదించిన డేటా ఉన్న కాలమ్‌ను ఉన్నదున్నట్టు సెలెక్ట్ చేసి చూడండి. జీజిప్ డేటా అయితే మొదటి రెండు బైట్లు 1ఎఫ్, 8బి (హెక్స్‌లో, అంటే 16 ఆధారంగా రాసే అంకెల్లో). మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లోని కంప్రెస్‌తో కుదించింది వేరే రకం: మొదటి 4 బైట్లలో అసలు పొడవు, ఆ వెనక జెడ్‌లిబ్ (మరో కుదింపు పద్ధతి) డేటా ఉంటాయి. దాన్ని అక్కడే అన్‌కంప్రెస్‌తో విప్పి తెచ్చుకోవాలి.

తర్వాత, కుదించక ముందు ఆ టెక్స్ట్ వార్‌చారా (ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ వాడే రకం), ఎన్‌వార్‌చారా (అక్షరానికి రెండేసి బైట్లు వాడే యూనికోడ్ రకం) అన్నది ఇన్సర్ట్ చేసిన కోడ్‌లో చూసి తెలుసుకోండి. ఎన్‌వార్‌చార్ అయితే క్వెరీ ఇలా (కమాండ్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి; 'వివరం' కాలమ్ పేరు, 'ఫిర్యాదులు' టేబుల్ పేరు, మీ పేర్లు పెట్టుకోండి):

సెలెక్ట్ కాస్ట్(డీకంప్రెస్(వివరం) యాజ్ ఎన్‌వార్‌చార్(మ్యాక్స్)) ఫ్రమ్ ఫిర్యాదులు

వార్‌చార్ అయితే ఆ ఒక్క మాట మార్చండి. రకం తప్పితే ఎర్రర్ రాదు, చెత్త వస్తుంది. వార్‌చార్‌గా కుదించిన పెద్ద 'హెచ్', చిన్న 'ఈ' ఇంగ్లిష్ అక్షరాల బైట్లు హెక్స్‌లో 48, 65. ఎన్‌వార్‌చార్‌గా చదివితే రెండూ కలిసి 6548 అనే ఒకే కోడ్ అవుతుంది, అదొక చైనా అక్షరం! తిరగేసి చేస్తే, ప్రతి ఇంగ్లిష్ అక్షరం వెనకా ఒక సున్నా బైట్ మిగిలి, తరచూ తెరమీద మొదటి అక్షరమే కనిపిస్తుంది.

(మ్యాక్స్) మర్చిపోవద్దు. పొడవు ఇవ్వకపోతే కాస్ట్ 30 అక్షరాల దగ్గరే కోసేస్తుంది, హెచ్చరిక కూడా ఉండదు.

తెలుగు బదులు ప్రశ్నార్థకాలు వస్తే తప్పు విప్పడంలో కాదు, కుదించిన రోజునే జరిగింది. యూటీఎఫ్-8 కొలేషన్ (వార్‌చార్‌లోనూ తెలుగును నిలుపుకొనే అక్షరాల అమరిక) లేని డేటాబేస్‌లో కొటేషన్ ముందు 'ఎన్' పెట్టకుండా తెలుగు ఇస్తే, కంప్రెస్ దాకా వెళ్లకముందే అక్షరాలు పోతాయి. పోయినవి తిరిగి రావు. కాబట్టి పాత టెక్స్ట్ కాలమ్‌ను తొలగించే ముందు కొన్ని తెలుగు వరుసలను విప్పి, అసలుతో పోల్చి చూడండి.

వేర్ షరతులో డీకంప్రెస్ పెడితే ప్రతి వరుసనూ విప్పాల్సి వస్తుంది, మామూలు ఇండెక్స్ అక్కరకు రాదు. తేదీతోనో ఐడీతోనో ముందు వరుసలు తగ్గించి, మిగిలినవాటినే విప్పండి.