హైకూ బూట్ మధ్యలో ఆగిపోతే

హైకూ ఓఎస్ (విండోస్ లాంటి ఒక కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్) వాడేవాళ్లకు ఒక చిట్కా. అప్‌డేట్ చేశాక, బూట్ స్క్రీన్ మీద బొమ్మలు వరసగా వెలుగుతూ వెలుగుతూ మధ్యలో ఆగిపోయిందా? వెంటనే పెన్‌డ్రైవ్ వెతుక్కోకండి. మెషిన్ ఆన్ చేయగానే షిఫ్ట్ నొక్కిపట్టండి. యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన స్టార్టప్ సాఫ్ట్‌వేర్) ఉన్న మెషిన్ అయితే స్పేస్ బార్ టకటకా కొడుతూ ఉండండి. బూట్ మెనూ వస్తుంది. బూట్ వాల్యూమ్ (సిస్టమ్ ఉన్న డిస్క్ భాగం) ఎంచుకునే చోటే పాత స్టేట్లు, అంటే సిస్టమ్ అంతకుముందు ఉన్న స్థితులు, తేదీ, టైముతో సహా కనిపిస్తాయి. అప్‌డేట్‌కి ముందుదాన్ని ఎంచుకుని బూట్ చేయండి. వెనక్కి పోయేది సిస్టమ్ ప్యాకేజీలే, మీ ఫైళ్ల జోలికి రాదు. నాకు మొన్న రెండో ప్రయత్నంలో డెస్క్‌టాప్ వచ్చేసింది (మొదటిసారి షిఫ్ట్ ఆలస్యంగా నొక్కాను లెండి).

బొమ్మలన్నీ వెలిగాక స్క్రీన్ నల్లగా ఉండిపోతే మాత్రం అనుమానం గ్రాఫిక్స్ మీదే. అదే బూట్ మెనూలో ఉండే సేఫ్ మోడ్ ఆప్షన్లలో ఫెయిల్‌సేఫ్ గ్రాఫిక్స్ డ్రైవర్‌కి టిక్ పెట్టి చూడండి.